ఒక పాటలో ఒక తరాన్ని వినడం ఎలా

పాత పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. కానీ ఒక పాత పాట విని, ఆ రోజుల్లో మనుషులు దేనికి భయపడ్డారో, దేనికి కడుపు మండిందో, రేపటి మీద ఏం ఆశ పెట్టుకున్నారో పట్టుకోగలిగేవాళ్ళు తక్కువ. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, సంగీతం రానక్కర్లేదు, రాగాల పేర్లు అసలే అక్కర్లేదు. ఒకే పాటని నాలుగైదు రకాలుగా వినే ఓపిక ఉండాలి, ఏం అడగాలో తెలిసి ఉండాలి. నేను ఎలా వింటానో, ఎందుకు అలా వింటానో ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. పాట సమాజానికి అద్దం అని అందరూ అనేస్తారు గానీ నేను ఒప్పుకోను. అద్దం ఎదురుగా ఉన్నదంతా చూపిస్తుంది. పాట మాత్రం ఆ కాలంలో నోరు తెరిచి అనగలిగినంతే అంటుంది, మిగతాదాన్ని మింగేస్తుంది, లేకపోతే సరసంలోనో హాస్యంలోనో దాచి చెబుతుంది. అందుకని పాట పెట్టుకున్నప్పుడల్లా "ఇందులో ఏముంది" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఈ మాట అప్పుడు ఎవరు అనగలిగారు, ఎవరి ముందు అనగలిగారు, ఎంతవరకు అని ఆపేశారు అని కూడా అడగండి. ఇకపై చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

ఏ పాటతో మొదలుపెట్టాలి

జనం నిజంగా పాడుకున్న పాట తీసుకోండి. విమర్శకులు మెచ్చినది, అవార్డు వచ్చినది తర్వాత చూసుకోవచ్చు. పనులు చేసుకుంటూ కూనిరాగం తీసిన పాట, పెళ్ళిళ్ళలో మైకులో మోగిన పాట, బడిపిల్లల నోట్లో నానిన పాట అయితే మంచిది. ఇంకో సలహా, మొదటిసారే జెండా పట్టుకుని నినాదాలిచ్చే పాట వద్దు. అందులో ఆవేదన పైపైనే కనిపిస్తుంది కాబట్టి మీ చెవికి పని ఉండదు.

డాన్సు పాటతో మొదలుపెట్టి చూడండి. 1955లో వచ్చిన రోజులు మారాయి సినిమాలో "ఏరువాక సాగారో" పాట ఉంది కదా, కొసరాజు రాసింది, జిక్కి పాడింది. వహీదా రెహమాన్ డాన్సు అని గుర్తుపెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. హుషారుగా సాగిపోయే ఆ పాటలో ఒక చరణం మీద చెవి పెట్టండి. పల్లెల్లో చెల్లుబాటు కాక రాజకీయాల మీద బతుకుతూ, ప్రజాసేవ అని కేకలు పెడుతూ, ఒళ్ళు వంచి పని చెయ్యని మనుషుల ప్రస్తావన వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళే. అప్పటికే ఒక డాన్సు పాటలో, అదీ రైతుని పొగిడే పాటలో, ఆ విసుగు బయటపడింది. సినిమా మొత్తం భూమి సమస్య చుట్టూ తిరుగుతుంది, సరే. కానీ ఈ చిన్న ముక్క చెప్పేది వేరే, అది అప్పటి సగటు మనిషి రచ్చబండ దగ్గర అనుకునే మాట. ఇలాంటి ముక్కలే మనం వెతికేది.

తేదీలు విడదీయండి

ఒక పాటకి ఒకే తేదీ ఉండదు. రాసినది ఒకప్పుడు, రికార్డయింది ఒకప్పుడు, జనంలోకి వెళ్ళింది ఇంకొకప్పుడు. ఈ మూడూ ఒక్కచోట కలిపేస్తే ఒక తరం బాధని ఇంకో తరానికి అంటగడతాం.

"బండెనక బండి కట్టి" తీసుకోండి. నిజాం పాలన మీద తెలంగాణ రైతాంగం సాయుధంగా తిరగబడ్డ రోజుల్లో బండి యాదగిరి కట్టిన పాట అది. పోరాటం 1951లో ఆగిపోయింది. కానీ చాలామందికి ఆ పాట అనగానే మూడు దశాబ్దాల తర్వాత మా భూమి సినిమాలో గద్దర్ పాడిన తీరే కళ్ళ ముందు కదులుతుంది. కాబట్టి ఆ పాటలో వినాల్సిన తరాలు రెండు. గడీని, అంటే దొరల కోటని ఎదుర్కొన్న తరం ఒకటి, దొరలు పోయినా దొరతనం పోలేదేమని అడిగిన తర్వాతి తరం ఇంకొకటి. మొదటివాళ్ళకి అది నడుస్తున్న పోరాటం. రెండోవాళ్ళకి అది తండ్రులు మిగిల్చిన పని.

అందుకని కాగితం మీద ఆ మూడు తేదీలూ రాసుకుని, ఒక్కో తేదీ పక్కన అప్పుడు జరుగుతున్న పెద్ద సంగతులు, యుద్ధాలు, కరువులు, ధరలు, ఉద్యోగాలు, కొత్త చట్టాలు, ఏవైనా సరే, రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పని, కానీ దాటవేస్తే మిగతాదంతా ఊహాగానం అవుతుంది.

ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. పాటలో "నేను" ఎవరు? "నువ్వు" ఎవరు? వాళ్ళిద్దరి మధ్య ఎంత దూరం?

అమెరికాలో మహామాంద్యం, అంటే వ్యాపారాలు మూతపడి జనం పనులు పోగొట్టుకున్న రోజులు. 1933 నాటికి అక్కడ పని చేస్తున్నవాళ్ళూ పని వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి చూస్తే దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. దానికి ముందు ఏడాది, 1932లో, ఒక రంగస్థల ప్రదర్శన కోసం యిప్ హార్‌బర్గ్ మాటలు రాసి జే గోర్నీ బాణీ కట్టిన పాట "బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్", అంటే అన్నా, ఒక పది సెంట్ల నాణెం ఇస్తావా అని. బింగ్ క్రాస్బీ, రూడీ వాలీ ఇద్దరూ అదే ఏడాది రికార్డు చేశారు. పాటలో మాట్లాడేది వీధిలో చెయ్యి చాచిన మనిషి. అయితే అతను తన ఆకలి గురించి చెప్పడు. నేను రైలు మార్గం వేశాను, ఆకాశాన్నంటే కట్టడం కట్టాను, యుద్ధానికి వెళ్ళాను అంటాడు. కట్టినవన్నీ ఇక్కడే ఉన్నాయి, కట్టిన నేను మాత్రం రొట్టె కోసం లైన్లో ఎందుకు నిలబడ్డాను అనే ప్రశ్న ఆ మాటల వెనక ఉంది. చివరికి వచ్చేసరికి ఎదుటి మనిషిని గుర్తు చేసుకోమంటాడు, నన్ను ఫలానా పేరుతో పిలిచేవాళ్ళు కదా, మనం స్నేహితులం కదా అంటాడు. నాకైతే ఆ పాట బలం అంతా అక్కడే ఉందనిపిస్తుంది. అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య దూరం ఒక్కసారిగా చెరిగిపోతుంది. మాంద్యం రోజుల్లో మధ్యతరగతి మనిషిని పట్టి పీడించిన భయం, రేపు ఆ లైన్లో నేనే ఉంటానేమో అన్నది, ఏ అంకెల పట్టికా ఇంత సూటిగా చెప్పదు.

ఇప్పుడు మన పాట ఒకటి దాని పక్కన పెట్టండి. 1957, తోడికోడళ్ళు, ఘంటసాల గొంతు, "కారులో షికారుకెళ్ళే పాలబుగ్గల పసిడిదానా". రాసింది ఆత్రేయ, కానీ చాలాకాలం జనం అది శ్రీశ్రీ పాటే అనుకున్నారు, అంత ఘాటు ఉంది దాంట్లో. ఇక్కడ మాట్లాడేది దారిన పోయే మనిషి, వింటున్నది కారులో ఉన్న అమ్మాయి. మొదటి లైన్ సరసంలా ఉంటుంది, తర్వాత నెమ్మదిగా ఆమె ఒంటి మీద, ఇంట్లో ఉన్న ఒక్కో అందాన్ని పట్టుకుని ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా అని అడుగుతాడు. బుగ్గల మెరుపు ఎండలో మాడిపోయిన ఆడపిల్లల దగ్గర్నుంచి, మేడలోని చలువరాయి గనుల్లో ఒళ్ళు విరుచుకున్న కూలీల దగ్గర్నుంచి, గాలికి తేలే చీర తాను చిరుగుపాత కట్టుకునే నేతగాడి దగ్గర్నుంచి.

రెండు పాటల్లోనూ అడిగేది కష్టం చేసినవాడి గురించే. తేడా ఎక్కడుందో చూడండి. అమెరికా పాటలో మనిషి తన సాటివాడిని పిలుస్తున్నాడు, ఒకే మెట్టు మీద ఉండి ఒకడు జారిపోయాడు. తెలుగు పాటలో ఇద్దరూ మొదటినుంచీ వేర్వేరు మెట్ల మీద ఉన్నారు, ఆమెకి తెలియజెప్పాలి, తెలుసుకోమని హెచ్చరించాలి. ఒక తరానిది జారిపోతానన్న దిగులు, ఇంకో తరానిది ఎక్కనివ్వని నిచ్చెన మీద కోపం. ఈ తేడా నాకు కథలో దొరకలేదు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తేనే దొరికింది.

ఈ మెట్టుకి ఇంకో మంచి ఉదాహరణ "రెస్పెక్ట్". ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడాడు. అందులో డబ్బు సంపాదించి ఇంటికొచ్చే మగవాడు, ఇల్లు చేరాక నాకు దక్కాల్సిన మర్యాద ఇవ్వు అని భార్యని అడుగుతాడు. రెండేళ్ళకి, 1967లో, అరీతా ఫ్రాంక్లిన్ అదే పాట పాడింది, కొన్ని మాటలు మార్చింది, రెస్పెక్ట్ అనే మాటలోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ విడదీసి పలికే భాగం చేర్చింది. ఇప్పుడు సంపాదించేదీ ఆమే, అడిగేదీ ఆమే. అమెరికాలో నల్లజాతి హక్కుల ఉద్యమంలో ఉన్నవాళ్ళు, ఆడవాళ్ళ హక్కుల కోసం నిలబడ్డవాళ్ళు ఆ పాటని తమదిగా చేసుకున్నారు. పాట దాదాపు అదే, మాట్లాడే మనిషి మారింది, అంతే. పాత పాటని కొత్త గొంతు పాడిందని తెలిస్తే రెండూ వెంట వెంటనే విని ఏ మాట మారిందో రాసుకోండి, ఆ రెండు గొంతుల మధ్య కాలం ఎంత మారిందో ఆ మాటలోనే తెలిసిపోతుంది.

ట్యూన్‌ని విడిగా వినండి

ఒకసారి మాటలు చదవండి, పాట వినకుండా. ఇంకోసారి మాటలు పట్టించుకోకుండా బాణీ మాత్రం వినండి, కుదిరితే ఇన్‌స్ట్రుమెంటల్ దొరికితే అది వినండి. రెండూ ఒకే మాట చెబుతున్నాయా?

1981లో ఆకలి రాజ్యం వచ్చింది. బాలచందర్ సినిమా, విశ్వనాథన్ సంగీతం, ఆత్రేయ మాట, బాలు గొంతు. "సాపాటు ఎటూ లేదు పాటైనా పాడు బ్రదర్". ట్యూన్ ఒక్కటే వింటే కుర్రాళ్ళు సరదాగా షికారు తిరుగుతున్నట్టుంటుంది. మాటలు మాత్రం చూస్తే, డిగ్రీలు సంపాదించి ఢిల్లీకొచ్చి చిప్ప పట్టుకున్నవాళ్ళు, అన్నపూర్ణ లాంటి తల్లి, దానకర్ణుడి లాంటి అన్న అని ఒక్కో గొప్పనీ వల్లిస్తూ ఖాళీ కడుపుతో నడుస్తున్నారు. ఏడుపు పాటగా ఎందుకు కట్టలేదు? ఎందుకంటే చదువుకున్న నిరుద్యోగికి ఏడవడం కూడా నామోషీ. ఇంట్లో వాళ్ళు పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడని అనుకుంటూ ఉంటారు, పక్కవాళ్ళ ముందు నవ్వుతూ ఉండాలి. ఆ హుషారు బాణీ ఆ నామోషీదే. ఎనభైల మొదట్లో డిగ్రీ పట్టుకుని ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీ చుట్టూ తిరిగిన తరం ఆ పాటని ఎందుకంత గుండెకి హత్తుకుందో, దానికి జవాబు ఆ ట్యూన్‌కీ మాటకీ మధ్య ఖాళీలో ఉంది.

ఈ ఖాళీని గమనించకపోతే పాట తలకిందులుగా అర్థమవుతుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984లో పాడిన "బార్న్ ఇన్ ది యూఎస్ఏ" పల్లవి స్టేడియం దద్దరిల్లేలా ఉంటుంది, దేశభక్తి గీతమే అనుకుని ఊగిపోయినవాళ్ళు లెక్కలేనంతమంది. చరణాలు వింటే వియత్నాం యుద్ధానికి పంపితే వెళ్ళి, తిరిగొచ్చి, పని దొరకక, తోడబుట్టిన వాణ్ణి ఆ యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి గోడు అది. అదే ఏడాది ఎన్నికల ప్రచారంలో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీలో మాట్లాడుతూ ఆ గాయకుడి పేరెత్తి, అమెరికా భవిష్యత్తు మీద ఆశ అతని పాటల్లో ఉందన్నట్టుగా చెప్పాడు. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి, అలా "తప్పుగా" విన్నవాళ్ళని తీసిపారేయకండి. వాళ్ళు ఆ పల్లవిలో ఏం వెతుక్కున్నారో అది కూడా ఆ తరం గురించి చెప్పేదే. ఓడిపోయిన యుద్ధం తర్వాత గట్టిగా గర్వపడాలన్న ఆత్రం ఆ దేశంలో అప్పుడు నిజంగానే ఉంది.

ట్యూనూ మాటా కలిసి ఒకే దిగులు మోసే పాటలూ ఉంటాయి. ఇంగ్లండులో ది స్పెషల్స్ బృందం 1981లో తెచ్చిన "గోస్ట్ టౌన్" అలాంటిది. కచేరీల కోసం ఊళ్ళు తిరుగుతూ మూతపడ్డ దుకాణాలు చూసి జెర్రీ డామర్స్ రాసిన పాట, ఆ బాణీ కూడా ఖాళీ వీధిలో గాలి తిరుగుతున్నట్టే ఉంటుంది. జులైలో అది అక్కడ మొదటి స్థానానికి చేరిన రోజుల్లోనే ఎన్నో నగరాల్లో అల్లర్లు చెలరేగాయి.

వస్తువుల జాబితా రాయండి

చిన్న కిటుకు, కానీ ఎప్పుడూ పనిచేస్తుంది. పాటలో కనిపించే వస్తువులన్నీ ఒక వరసలో రాయండి. భావాలు వద్దు, చేత్తో పట్టుకోగలిగినవి, కంటితో చూడగలిగినవి మాత్రమే.

గోరటి వెంకన్న "పల్లె కన్నీరు పెడుతుందో" పాటలో వస్తువులు రాసుకుంటూ పోతే కుమ్మరి వాములో మొలిచిన తుమ్మలు, కమ్మరి కొలిమిలో పేరుకున్న దుమ్ము, మొద్దుబారిన వడ్రంగి బాడిస, విరిగిన మగ్గం వస్తాయి. ప్రపంచీకరణ మీద వ్యాసం రాయక్కర్లేకుండా, తొంభైల తర్వాత పల్లెలో ఏ చేతులకి పని పోయిందో వృత్తుల పేర్లతో సహా ఆ జాబితా చెప్పేస్తుంది. కుట్రలు కనిపించనివి అంటాడు కవి, కానీ అవి వదిలిన గుర్తులన్నీ కంటికి కనిపించేవే.

1982లో న్యూయార్క్ నుంచి వచ్చిన "ది మెసేజ్" కూడా అలాగే చెయ్యండి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ పేరుతో వచ్చిన ఆ ర్యాప్‌లో పగిలిన గాజుపెంకులు, కంపు కొట్టే మెట్లు, ఎలుకలు, బొద్దింకలు, ఈఎంఐ కట్టలేక పోగొట్టుకున్న కారు ఉంటాయి. అప్పటిదాకా ర్యాప్ అంటే ఎక్కువగా పార్టీ సంగీతం. ఆ వస్తువులు అందులోకి రావడంతో ర్యాప్ ఏం మాట్లాడగలదో మారిపోయింది.

రెండు జాబితాలూ పక్కన పెట్టుకుంటే ఒకటి తోస్తుంది. పల్లె పాటలో వస్తువులన్నీ పనిముట్లు, అంటే పోయింది పని. నగరం పాటలో పనిముట్టు ఒక్కటీ లేదు, అక్కడ పని పోయి చాలాకాలం అయింది, మిగిలింది శిథిలాల మధ్య బతకడం.

ఒకే ప్రశ్నని రెండు తరాలు ఎలా అడిగాయి

ఒక్క పాట విని తరం గురించి తీర్పు ఇవ్వకూడదు. ఒకే ప్రశ్నని వేర్వేరు కాలాల్లో అడిగిన రెండు పాటలు పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం కాలం ఎటు కదిలిందో తెలుస్తుంది. ఒక్క అభ్యాసమే చేసే తీరిక ఉంటే ఇదే చెయ్యండి.

ప్రశ్న, స్వాతంత్ర్యం వచ్చి మనకేం ఒరిగింది. మొదటి పాట 1961, వెలుగు నీడలు, శ్రీశ్రీ, "పాడవోయి భారతీయుడా". విజయగీతంలా మొదలవుతుంది, ఆడి పాడమంటుంది, వెంటనే సభలు పెట్టి సంబరపడితే సరిపోదంటుంది. తర్వాత లెక్క చెబుతుంది: ఆకాశాన్నంటిన ధరలు, అదుపు లేని నిరుద్యోగం, అవినీతి, బంధుప్రీతి, చీకటి బజారు. ఇవి విని ఇవాళ్టి పేపర్లా ఉందని చాలామంది ఆశ్చర్యపోయి అక్కడే ఆగిపోతారు. ఆగకండి. ఆ పాట ఎక్కడ ముగుస్తుందో చూడండి. సమసమాజం కట్టడం నీ ధ్యేయం, అందరి సౌభాగ్యం నీ లక్ష్యం అని చేతికి పని అప్పగిస్తుంది. ఆ రోజు గమ్యం చేరి దేశం లోకానికి శుభసందేశం ఇస్తుందంటుంది. అప్పుడు నాగార్జునసాగర్ కడుతున్నారు, పంచవర్ష ప్రణాళికలు నడుస్తున్నాయి, శ్రీశ్రీ లాంటి నిప్పుకవి కూడా "ఇంకా కట్టాలి" అనే అన్నాడు, "కూలిపోయింది" అనలేదు. ఆ తరం కోపం పని పూర్తి కాలేదన్న కోపం.

రెండో పాట 1997, సిందూరం, సిరివెన్నెల, "అర్ధ శతాబ్దపు అజ్ఞానాన్నే". దేశమంతా స్వర్ణోత్సవాలు చేసుకుంటున్న ఏడాది. సినిమా పోలీసులకీ నక్సలైట్లకీ మధ్య నలిగిన మనుషుల గురించి. ఈ పాటలో వాక్యాలు చాలావరకు ప్రశ్నలే: దీన్ని స్వాతంత్ర్యం అందామా, దీనికి ఉత్సవాలు చేద్దామా, దీనికి సలాము కొడదామా. ఇక్కడ ధరలూ చీకటి బజారూ లేవు. కులాల గుంపులు, మతాల మంటలు, కురుస్తున్న నెత్తురు ఉన్నాయి. అన్నిటికన్నా లోతుగా దిగే మాట ఇంకొకటుంది, ప్రజలు తమలోని భయాన్నీ తమలోని అవినీతినీ తమ ప్రతినిధులుగా ఎన్నుకున్నారని. 1961లో వేలు బయటికి, వ్యవస్థ వైపు, స్వార్థపరుల వైపు చూపించింది. 1997లో వేలు వింటున్నవాడి వైపు తిరిగింది. నువ్వేం చెయ్యాలో ఆ పాట చెప్పదు. చెప్పే ధైర్యం లేక కాదు, అప్పటికి నమ్మదగ్గ గమ్యం ఎవరి దగ్గరా మిగల్లేదు, అది దాచిపెట్టి తీపి మాట అనడం ఆ కవికి ఇష్టం లేదు. నాలుగేళ్ళ ముందు గాయం సినిమాలో "నిగ్గదీసి అడుగు" అన్నదీ ఆయనే.

ఇలా పోల్చేటప్పుడు రెండు పాటలకీ అవే ప్రశ్నలు వెయ్యండి: సమస్యల జాబితాలో ఏం చేరింది, ఏం తప్పుకుంది, తప్పు ఎవరిదన్నారు, చివరి లైన్ ఆశా, ఆజ్ఞా, ప్రశ్నా. చివరి లైన్ మీద ప్రత్యేకంగా చెవి పెట్టండి.

వేరే దేశాల్లోనూ ఇలాంటి జంటలు దొరుకుతాయి. దక్షిణ కొరియాలో సియో తైజీ అండ్ బాయ్స్ బృందం 1994లో తరగతి గదుల చదువుని నిలదీస్తూ పాట చేసింది. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 2013లో, బీటీఎస్ తమ తొలినాళ్ళ పాట "ఎన్.ఓ."లో మళ్ళీ అదే చదువు ఒత్తిడి మీద గొంతెత్తింది. మొదటి పాట విన్న పిల్లలు రెండో పాట నాటికి తల్లిదండ్రుల వయసుకి వస్తున్నారు. ఆ ఒక్క సంగతే ఎంతో ఆలోచింపజేస్తుంది.

పాట ఏ దారిన వచ్చిందో చూడండి

పాట పుట్టడం వేరు, మన చెవిదాకా రావడం వేరు. మధ్యలో తలుపులుంటాయి, కాపలాదార్లుంటారు.

అమెరికాలో నల్లజాతివాళ్ళని మూకలు ఉరితీసిన దారుణం మీద ఏబెల్ మీరోపోల్ రాసిన "స్ట్రేంజ్ ఫ్రూట్" 1937లో కవితగా అచ్చయింది. బిల్లీ హాలిడే 1939లో పాడటం మొదలుపెట్టింది. ఆమె పాటలు వేసే పెద్ద రికార్డు కంపెనీ కొలంబియా దాన్ని రికార్డు చెయ్యడానికి ఒప్పుకోలేదు, చివరికి కమోడోర్ అనే చిన్న సంస్థ వేసింది. మార్విన్ గే 1971లో "వాట్స్ గోయింగ్ ఆన్" తెచ్చినప్పుడు అతని పాటలు వేసే మోటౌన్ రికార్డు కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీకి మొదట ఇష్టం లేదు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన తమ్ముడి అనుభవాలు ఆ పాట వెనక ఉన్నాయి, అయినా ప్రేమపాటల గాయకుడు యుద్ధం గురించి పాడితే అమ్ముడుపోతుందా అన్న టెన్షన్ వ్యాపారికి ఉంటుంది. అమ్ముడుపోయింది. ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు, ఎవరు ఊఁ అన్నారు అని తవ్వితే, ఆ కాలంలో అనగలిగిన మాటకి హద్దు ఎక్కడుందో సరిగ్గా అక్కడ గీత కనిపిస్తుంది.

సర్కారు మూసే తలుపులు కూడా ఉంటాయి. "మాకొద్దీ తెల్లదొరతనము" రాసినందుకు గరిమెళ్ళ సత్యనారాయణ జైలుకెళ్ళాడు, పాట మాత్రం నోటినుంచి నోటికి పాకింది. 1952లో సమాచార ప్రసారాల మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలని పక్కన పెడితే జనం రేడియో సిలోన్ పెట్టుకున్నారు, 1957లో వివిధ భారతి వచ్చేదాకా అదే కథ. నైజీరియాలో ఫెలా కుటి సైనికులని ఎగతాళి చేస్తూ "జాంబీ" పాడాక 1977లో సైనికులు అతని ఇంటి ఆవరణ మీద పడి తగలబెట్టారు. ఒక పాలకుడు పాటకి భయపడ్డాడంటే, ఆ పాట నిజంగా ఎవరి గొంతో ఇక వేరే రుజువు అక్కర్లేదు.

సాంకేతికత కూడా ఒక తలుపే. పాత గ్రామఫోను 78 ఆర్పీఎం రికార్డు ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది, కాబట్టి చెప్పాల్సింది అంతలోనే చెప్పాలి. ఇప్పుడు స్పాటిఫైలో పాట ముప్పై సెకన్లు మోగితేనే ఒక ప్లే కింద లెక్క, అందుకని హుక్, అంటే చెవిని పట్టేసే ముక్క, పాట మొదట్లోకే వచ్చేస్తోంది. చరణాలు తగ్గాయని ఈ తరానికి లోతు లేదని తిట్టే ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

పాటలో లేనివాళ్ళు

ఇది త్వరగా చెప్పేస్తాను. పాట విన్నాక, అందులో ఉండాల్సి ఉండీ లేనివాళ్ళ పేర్లు రాయండి. నిరుద్యోగం పాటల్లో ఉద్యోగం కోసం తిరిగే అమ్మాయి ఎంత అరుదో చూడండి. రైతు పాటల్లో కౌలు రైతు, కూలి ఆడమనిషి ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టండి. ఆ తరంలో వాళ్ళకి బాధ లేక కాదు, మైకు వాళ్ళ చేతికి రాలేదు. వాళ్ళ పాటలు నాట్ల దగ్గర, కళ్ళాల్లో, ఊరి దేవత కొలుపుల్లో ఉంటాయి, రికార్డుల్లో ఉండవు. కాబట్టి హిట్ పాటలు మాత్రమే విని తరం మొత్తాన్ని విన్నామనుకోవద్దు.

ఇప్పటి పాటలతో చెయ్యాలంటే

మన తరం పాటని ఇలా వినడం కష్టం, ఎందుకంటే మనకి మామూలుగా అనిపించేదే తర్వాతివాళ్ళకి వింతగా అనిపిస్తుంది. దానికి కొన్ని ఉపాయాలు ఉన్నాయి.

ఇప్పటి ఆవేదన ఎక్కువగా ఒంటరితనం, ఆందోళన, మనసు కుంగిపోవడం చుట్టూ ఉంది, అది చాలాసార్లు ప్రేమ విఫలమైన పాట వేషంలో వస్తుంది. కాబట్టి బ్రేకప్ పాట వింటే, ఇది నిజంగా ఒక మనిషి దూరమవడం గురించేనా, లేక ఎవరితోనూ మాట్లాడలేని స్థితి గురించా అని అడగండి. కొందరు సూటిగానే చెబుతున్నారు. లాజిక్ అనే ర్యాపర్ 2017లో అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ నంబర్‌నే పేరుగా పెట్టి పాట చేస్తే, ఆ పాట విడుదలైనప్పుడూ, పెద్ద వేదికల మీద పాడినప్పుడూ ఆ నంబర్‌కి వచ్చే ఫోన్లు పెరిగాయి. ముప్పై ఏళ్ళ ముందు ఆ మాట హిట్ పాటలో పలకడం ఊహించడమే కష్టం.

పాట కింద జనం ఏం రాస్తున్నారో చదవండి. పాట చెప్పని సంగతులు అక్కడ ఉంటాయి, నాన్న పోయినప్పుడు ఇది విన్నానని, హాస్టల్లో రాత్రిళ్ళు ఇదే పెట్టుకునేదాన్నని. రీల్స్‌లో ఆ పాటలోంచి ఏ పదిహేను సెకన్లు కత్తిరించి వాడుతున్నారో గమనించండి, ఎందుకంటే జనం తమదిగా చేసుకున్న ముక్క అదే, మిగతాదంతా రాసినవాళ్ళది.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ పాట ఒకటి పెట్టండి, నచ్చిందా అని అడగకండి, ఇది మొదటిసారి విన్నప్పుడు మీరేం పని చేస్తున్నారు, జేబులో ఎంత ఉంది, ఎవరిని చూసి భయపడేవాళ్ళు అని అడగండి. వాళ్ళు చెప్పేది రాసుకోండి, తేదీ వేసి. తర్వాత అదే ప్రశ్నలకి మీ పాట ఒకటి ఎంచుకుని మీ జవాబులు రాసి, ఆ కాగితం పక్కనే పెట్టుకోండి.